గేమ్ మీద 18 అని ఉంది, పిల్లాడికేమో మెచ్యూరిటీ ఉంది: ఏది చూసి ఇవ్వాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అబ్బాయికి 13 ఏళ్లు, చదువులో ముందుంటాడు, మాట తీరు కూడా పెద్దవాళ్లలా ఉంటుంది. పీఎస్5లో (సోనీ గేమ్ మెషీన్) జీటీఏ 5 అనే నేరాల కథ గేమ్ కావాలంటున్నాడు. డబ్బా మీద 18 అని ఉంది. "ఆ 18 అందరికీ కలిపి గుద్దేసిన ముద్ర, ఏది నిజమో ఏది ఆటో నాకు తెలుసు, క్లాసులో సగం మంది ఆడుతున్నారు" అని వాదిస్తున్నాడు. రేటింగ్ చూడాలా, పిల్లాడిని చూడాలా?

పిల్లాడినే చూడాలండీ. కాకపోతే అన్ని విషయాల్లోనూ కాదు. తెర మీద కనిపించే హింస, భయం, తిట్లు, కథలోని బరువు వంటివాటిలో పిల్లాడి మెచ్యూరిటీని బట్టి రేటింగ్‌ని రెండు మూడేళ్లు అటో ఇటో జరపొచ్చు. ఆన్‌లైన్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాటలు, గేమ్ లోపల డబ్బు ఖర్చు అనే రెండు చోట్ల మాత్రం మెచ్యూరిటీని నమ్ముకోవద్దు. అక్కడ సెట్టింగులే దిక్కు. జీటీఏ 5 సంగతికొస్తే 13 ఏళ్లకి వద్దనే చెబుతాను. ఎందుకో కింద రాస్తాను.

ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. అమెరికాలో ఈఎస్‌ఆర్‌బీ (1994 నుంచి), యూరప్‌లో పెగీ (2003 నుంచి) రేటింగ్ ఇస్తాయి. మన దగ్గర అమ్మే డిస్కుల మీద తరచూ పెగీ గుర్తు కనిపిస్తుంది. గేమ్ తయారుచేసినవాళ్లు ఒక ప్రశ్నావళి నింపుతారు, గేమ్‌లో అన్నిటికన్నా ఘాటైన దృశ్యాల వీడియో ఇస్తారు. ఈఎస్‌ఆర్‌బీలో రేటర్లు ఆ వీడియో చూసి నిర్ణయిస్తారు తప్ప గేమ్ మొత్తం కూర్చుని ఆడరు. ప్లే స్టోర్‌లో కనిపించే 3+, 7+, 12+, 16+, 18+ అయితే డెవలపర్ నింపిన ప్రశ్నావళిని బట్టి ఆటోమేటిగ్గా వచ్చేస్తాయి. అంటే ఆ అంకె గేమ్‌లో ఏముందో చెబుతుంది, అంతే. గేమ్ కష్టమా తేలికా అన్నదానితో దానికి సంబంధం లేదు. చదరంగం గేమ్‌కి కూడా 3 వస్తుంది, మూడేళ్ల పిల్లాడు ఆడగలడని దాని అర్థం కాదు కదా. ఆన్‌లైన్‌లో ఎదుటివాడు ఏం మాట్లాడతాడో ఆ అంకెకి అసలు తెలియదు. ఆ మాట ఈఎస్‌ఆర్‌బీయే డబ్బా మీద అచ్చేస్తుంది, ఆన్‌లైన్ సంభాషణలకి తాము రేటింగ్ ఇవ్వలేదని. ఎవరూ చదవరు.

ఆ అంకె ఎంత గట్టిదో చెప్పడానికి రెండు గేమ్‌లు చాలు. బలాట్రో అని పేకముక్కలతో ఆడే గేమ్ ఉంది. అందులో రూపాయి పందెం లేదు, డబ్బు పెట్టి కొనే ప్యాకులూ లేవు. పోకర్ అనే జూదంలో ఏ ముక్కల కలయిక గెలుస్తుందో నేర్పుతుందన్న కారణంతో 2024లో పెగీ దానికి 18 ఇచ్చింది. అప్పీలు చేశాక 2025 ఫిబ్రవరిలో 12కి దించారు. అమెరికాలో అదే గేమ్‌కి మొదటి నుంచీ 10+. ఇంకోవైపు ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24 చూడండి. ఫుట్‌బాల్ ఆట, పెగీ 3. అందులో అల్టిమేట్ టీమ్ అనే విభాగంలో అసలు డబ్బు పెట్టి ప్యాకులు కొంటారు, లోపల ఏ ఆటగాడు వస్తాడో తెలియదు, నచ్చినవాడు రాకపోతే ఇంకోటి. జర్మనీ 2023 నుంచి గేమ్‌లోపలి కొనుగోళ్లని, చాట్‌ని కూడా లెక్కలోకి తీసుకుంటోంది కాబట్టి అక్కడ అదే గేమ్‌కి 12 పడింది. మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్‌కి అమెరికాలో 13, యూరప్‌లో 16. చూడటమే పనిగా పెట్టుకున్న సంస్థల మధ్యే మూడేళ్ల తేడా వస్తోందంటే, ఆ మాత్రం తేడా మీరు మీ పిల్లాడిని చూసి తీసుకోవడంలో తప్పేమీ లేదు.

అలాగని రేటింగ్‌ని పక్కన పడేయమనడం లేదు. అంకె కన్నా దాని కింద ఉండే చిన్న బొమ్మలు, మాటలు ఎక్కువ పనికొస్తాయి. పెగీలో పిడికిలి అంటే హింస, సాలీడు అంటే భయం, పాచికలు అంటే జూదం, సిరంజి అంటే మత్తుమందులు. చెయ్యి, కార్డు బొమ్మ ఉంటే గేమ్ లోపల అమ్మకాలున్నాయి. అదే 16లో ఒకటి పిడికిలి వల్ల వచ్చి ఉంటుంది, ఇంకోటి సెక్స్ వల్ల. ఆ రెండూ మీ ఇంట్లో ఒకటే కాకపోవచ్చు. ఈఎస్‌ఆర్‌బీ సైట్‌లో గేమ్ పేరు కొడితే చాలా గేమ్‌లకి "రేటింగ్ సమ్మరీ" అని ఒక పేరా వస్తుంది. ఏ దృశ్యంలో ఏం చూపిస్తారో, ఏ తిట్లు వినిపిస్తాయో దాపరికం లేకుండా రాస్తారు. రెండు నిమిషాల పని. దాని తర్వాత యూట్యూబ్‌లో ఎవరూ మాట్లాడకుండా ఆడిన వీడియో, మొదటి గంట కాకుండా మధ్యలోది, ఓ అరగంట చూడండి. ట్రైలర్ చూసి తేల్చుకోవద్దు.

ఇప్పుడు మెచ్యూరిటీ. మార్కులు, ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడటం, పెద్దల దగ్గర వినయం, ఇవేవీ ఇక్కడ పనికొచ్చే కొలతలు కావు. గేమ్ విషయంలో చూడాల్సినవి వేరే, అవి ఒకే పిల్లాడిలో ఒకేలా ఉండవు. రక్తం చూసి చలించనివాడు మ్యాచ్ ఓడిపోతే కంట్రోలర్ నేలకేసి కొడతాడు. బుద్ధిగా టైమ్‌కి ఆపేసేవాడు పరిచయం లేని "అన్న" అడిగాడని ఓటీపీ చెప్పేస్తాడు.

భయం, హింసల దగ్గర గమనించాల్సింది ఆడేటప్పుడు కన్నా ఆడాకే ఎక్కువ. ఆ రాత్రి నిద్ర ఎలా ఉంది, లైటు వేసి పడుకున్నాడా, బాత్రూమ్‌కి తోడు రమ్మన్నాడా. చిన్నపిల్లల్లో ఇది చాలాసార్లు రేటింగ్ కన్నా ముందే పట్టిస్తుంది. ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్‌లో రక్తం దాదాపు ఉండదు, ఎలుగుబంటి బొమ్మలే, అందుకే ఏడెనిమిదేళ్లవాళ్లు కూడా ఎగబడతారు. ఉన్నట్టుండి మొహం మీదికి దూకే దృశ్యాలే దాని సరుకంతా. ధైర్యం నటించి ఆడి వారం రోజులు ఒంటరిగా పడుకోలేని పిల్లలుంటారు. మెచ్యూరిటీ పేరు చెప్పి మనవాళ్లు రేటింగ్‌ని ఎప్పుడూ కిందికే లాగుతారు. పైకి జరపాల్సిన సందర్భాలూ అన్నే ఉంటాయి. 7 అని ఉన్న గేమ్ మీ తొమ్మిదేళ్ల అమ్మాయికి పడకపోతే అది ఆమెలో లోపం కాదు, ఇంకో ఏడాది ఆగండి, అంతే.

పదేళ్లు దాటినవాళ్లతో ఇంకో పరీక్ష బాగా పనిచేస్తుంది. పక్కన కూర్చుని ఓ గంట ఆడించి, అయ్యాక కథ చెప్పమనండి. "వాడెందుకు చంపాడు? వాడి స్థానంలో వేరే దారి ఉందా? ఆ దుకాణం వాడి పరిస్థితి ఏంటి?" అని మామూలుగా అడగండి, వైవా లాగా కాదు. పాత్ర చెడ్డపని చేస్తోందని గుర్తించి, దాన్ని పాత్ర పనిగానే చెబితే ఆ తరహా కథ తట్టుకోగలడు. "చంపితే పాయింట్లొస్తాయి" దగ్గరే ఆగిపోతే కథ వాడికి ఎక్కలేదు, ఘాటు మాత్రమే ఎక్కింది. తెర మీద మనిషి విలవిల్లాడుతుంటే నవ్వుతున్నాడా, మొహం తిప్పుకుంటున్నాడా అన్నదీ చూడండి. ఒకసారి నవ్వినంత మాత్రాన కంగారు పడొద్దు, ఇబ్బందిగా ఉన్నప్పుడు కూడా ఆ వయసు పిల్లలు నవ్వుతారు.

ఈ లెక్కన జీటీఏ 5 ఎందుకు వద్దంటున్నానంటే, అది సరిహద్దులో ఉన్న గేమ్ కాదు. పెగీ 18, అమెరికాలో 17+. దాని వివరణలో తీవ్ర హింస, నగ్నత్వం, సెక్స్, మత్తుమందులు, బూతులు అన్నీ ఒకేచోట ఉన్నాయి. కథలో ఒక మనిషిని చిత్రహింస పెట్టే మిషన్ ఉంది. అక్కడ ఆటగాడు చూస్తూ కూర్చోడు. పటకారా, కరెంటు క్లిప్పులా, నీళ్లా అని తనే ఎంచుకుని, కంట్రోలర్‌తో తనే ఆ పని చేయాలి. స్ట్రిప్ క్లబ్ ఉంది, అక్కడా ఆటగాడే కథానాయకుడు. గేమ్ వీటిని ఎగతాళిగా, అమెరికా సమాజం మీద వ్యంగ్యంగా చూపిస్తుంది. ఆ వ్యంగ్యం అందాలంటే ఆ సమాజం గురించి, పెద్దవాళ్ల లోకం గురించి కొంత తెలిసి ఉండాలి. 13లో అది అందదు, బూతే అందుతుంది. రెండు మూడేళ్ల సడలింపు ఇచ్చినా 15, 16 దగ్గర తేలుతుంది. పదహారేళ్లవాడు అడిగితే, పైన చెప్పిన సంభాషణ జరిగే ఇల్లయితే, కథ వరకు ఇవ్వొచ్చని అంటాను. ఆన్‌లైన్ లేకుండా.

వద్దని చెప్పి వదిలేయకుండా, అందులో వాడికేం కావాలో అడగండి. ఎక్కువమంది పిల్లలకి కావాల్సింది స్వేచ్ఛగా తిరిగే నగరం, కార్లు. కార్లయితే ఫోర్జా హొరైజన్ 5 ఉంది, పెగీ 3, 2025 నుంచి పీఎస్5లోనూ దొరుకుతోంది. నగరం, ఫైట్లు అయితే ఇందాక చెప్పిన స్పైడర్‌మ్యాన్, 13 ఏళ్లవాడికి సరిపోతుంది. అలా కాకుండా "యూట్యూబ్‌లో తెలుగు అన్నలు ఆర్‌పీ ఆడతారు, నేను కూడా ఆ సర్వర్‌లోకి వెళ్లాలి" అంటే విషయం వేరు (ఆర్‌పీ అంటే రోల్‌ప్లే, ఆన్‌లైన్‌లో తలో పాత్ర వేసుకుని ఆడటం). వాడికి కావాల్సింది గేమ్ కాదు, ఆ గుంపు. అక్కడుండేది పెద్దవాళ్లు, వాయిస్ చాట్ ఆగకుండా నడుస్తుంది, రేటింగ్ ఏ అంకె ఉన్నా దానికి వర్తించదు.

ఆన్‌లైన్ దగ్గర మెచ్యూరిటీని ఎందుకు నమ్మొద్దంటున్నానో చెబుతాను. అక్కడ పిల్లాడికి ఎదురుగా ఉన్నది ముందే రాసిపెట్టిన కథ కాదు, వాడిని చదివి మాట మార్చగల మనిషి. నమ్మకం సంపాదించడానికి వారాలు ఓపిక పట్టే మనిషి ముందు పెద్దవాళ్లే మోసపోతున్నారు. వరస దాదాపు ఒకేలా ఉంటుంది. స్క్వాడ్‌లో (గేమ్‌లోని జట్టు) పరిచయం, "బ్రో బాగా ఆడుతున్నావ్", ఓ చిన్న స్కిన్ (గేమ్‌లో పాత్రకి వేసే వేషం) బహుమతి, తర్వాత "ఇక్కడ చాట్ బాలేదు, డిస్కార్డ్‌కి రా" (అదో చాట్ యాప్) లేదా "వాట్సాప్ నెంబర్ పెట్టు". గేమ్ బయటికి రమ్మనడమే అసలు హెచ్చరిక. పిల్లాడికి నేర్పాల్సిన నియమం ఇదొక్కటే, కానీ బాగా నేర్పండి: గేమ్ బయటికి రమ్మన్నా, ఫొటో అడిగినా, ఓటీపీ అడిగినా వెంటనే ఇంట్లో చెప్పాలి, చెప్పినందుకు గేమ్ లాక్కోరు. చివరి ముక్క లేకపోతే వాడు చెప్పడు. చెబితే ఫోన్ పోతుందని పిల్లలందరికీ తెలుసు.

అసలు వయసు ముద్రలతో విసిగి మార్చేసినవాళ్లూ ఉన్నారు. రాబ్లాక్స్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల వేదిక 2024 నవంబర్‌లో 9+, 13+ లాంటి లేబుళ్లు తీసేసి మినిమల్, మైల్డ్, మోడరేట్, రెస్ట్రిక్టెడ్ అని కంటెంట్ ఘాటుని బట్టి పెట్టింది. తల్లిదండ్రుల అకౌంట్ లింక్ చేసుకుని ఏ స్థాయి వరకు అనేది మీరే జరుపుకోవచ్చు. మెచ్యూరిటీ వాదానికి ఇది గెలుపే. కానీ చాట్‌కి, ఖర్చుకి అక్కడ కూడా విడిగా తాళాలే పెట్టాల్సి వచ్చింది.

డబ్బు సంగతి. బీజీఎంఐ (పబ్‌జీ మొబైల్‌కి మన దేశపు రూపం) 2021లో వచ్చినప్పుడు 18 లోపువాళ్లకి రోజుకు 3 గంటలు, 7,000 రూపాయలు అని పరిమితి ప్రకటించారు. రోజుకు ఏడు వేలు! ఆ పరిమితి మీ ఇంటి కోసం పెట్టింది కాదని వేరే చెప్పక్కర్లేదు. పిల్లాడి ఫోన్‌లో, పిల్లాడి గేమ్ అకౌంట్‌లో కార్డుగానీ యూపీఐగానీ సేవ్ చేయొద్దు. మీ ఫోన్‌లో ఆడుతుంటే ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి. వేలిముద్ర పిల్లాడిది కూడా ఫోన్‌లో నమోదై ఉంటే ఆ తాళం తాళం కాదు. యూపీఐ పిన్ పుట్టినరోజో, బండి నెంబరో అయితే ఇవాళే మార్చండి. డబ్బు దగ్గర మెచ్యూరిటీ పెంచాలంటే నెలకి 200, 300 రూపాయల గిఫ్ట్ కార్డు ఇచ్చి, అయిపోతే వచ్చే నెల వరకు లేదనండి. మొదటి రోజే మొత్తం ప్యాకుల మీద తగలేస్తాడు, తగలేయనివ్వండి. పొరపాటున కొనుగోలు జరిగిపోతే గూగుల్ ప్లేలో 48 గంటల్లోపు రీఫండ్ అడగండి. ఆ తర్వాతైతే గేమ్ కంపెనీని బతిమాలుకోవాలి.

ఇక ఎక్కువ ఇళ్లలో జరిగే పెద్ద తప్పు. "మావాడికి మెచ్యూరిటీ ఉందిలే" అనుకుని అకౌంట్ తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం 2000 అని కొట్టేస్తారు. మీరు ఒక గేమ్‌కి మినహాయింపు ఇద్దామనుకున్నారు. నిజానికి చాట్, ఖర్చు, స్టోర్, పెద్దల కంటెంట్ అన్నిటికీ కలిపి గేటు తీసేశారు. వయసు నిజమే రాయండి, మినహాయింపు గేమ్‌కి మాత్రమే ఇవ్వండి.

పీఎస్5లో ఇలా: మీ పేరుతో ఫ్యామిలీ మేనేజర్ అకౌంట్, పిల్లాడికి అసలు పుట్టిన తేదీతో చైల్డ్ అకౌంట్. సెట్టింగ్స్‌లో ఫ్యామిలీ అండ్ పేరెంటల్ కంట్రోల్స్, అందులో ఫ్యామిలీ మేనేజ్‌మెంట్, పిల్లాడి పేరు. గేమ్‌ల వయసు స్థాయి వాడి వయసుకే పెట్టండి. కమ్యూనికేషన్ అనే వరుసలో రెస్ట్రిక్ట్ పెట్టండి. నెల ఖర్చు సున్నా. మీరు చూసి ఒప్పుకున్న గేమ్ పెద్ద రేటింగ్‌ది అయితే "అలౌడ్ గేమ్స్"లో దాన్నొక్కదాన్నే చేర్చొచ్చు; స్థాయి మొత్తం పెంచక్కర్లేదు. ఇదంతా చేసి చాలామంది ఒకటి మర్చిపోతారు: అదే మెనూలో కన్సోల్ రెస్ట్రిక్షన్స్ అని ఉంటుంది, దాని పాస్‌కోడ్ కొత్త మెషీన్‌లో 0000. అది మార్చి, కొత్త యూజర్ని తయారుచేయడం, గెస్ట్ లాగిన్ రెండూ ఆపకపోతే పిల్లాడు పది నిమిషాల్లో కొత్త పేరుతో కొత్త వయసుతో లోపలికొస్తాడు. 13 ఏళ్లవాడికి ఆ తెలివి కచ్చితంగా ఉంటుంది. జీటీఏ లాంటివాటిలో ఆన్‌లైన్ భాగం పీఎస్ ప్లస్ చందా లేకపోతే నడవదు, పెద్దయ్యాక కథ మాత్రమే ఇవ్వాలనుకునేవాళ్లకి అది సులువైన అడ్డు.

పీసీలో స్టీమ్ (గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) అయితే స్టీమ్ ఫ్యామిలీస్‌లో పిల్లాడిని చైల్డ్‌గా చేర్చి, ఏయే గేమ్‌లు ఆడొచ్చో పేరు పేరునా టిక్ పెట్టండి. రేటింగ్‌తో పని లేకుండా మీ నిర్ణయమే నడుస్తుంది. స్టోర్, ఫ్రెండ్స్ చాట్ విడివిడిగా ఆపొచ్చు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్ పెట్టి, కొనుగోళ్లు, డౌన్‌లోడ్‌ల అనుమతిని "ఆల్ కంటెంట్" చేయండి. ఫ్రీ గేమ్‌కి కూడా మీ ఫోన్‌కి రిక్వెస్ట్ వస్తుంది. రేటింగ్ ఫిల్టర్ కన్నా ఇది నయం. ఒక కంత ఉంది: గూగుల్ ప్లే బిల్లింగ్ ద్వారా జరిగేవాటికే ఆ అనుమతి వర్తిస్తుంది, బయటి వెబ్‌సైట్లలో యూసీ, డైమండ్లు (గేమ్ లోపల వాడే డబ్బు) టాప్-అప్ చేస్తే మీకు తెలియదు. అందుకే కార్డు, యూపీఐ దగ్గర పెట్టకూడదన్నది.

ఆపడం గురించి కొంచెం. "ఇప్పుడే కట్టేయ్" అనేది చెడ్డ నియమం, ఎందుకంటే చాలా గేమ్‌లు మధ్యలో ఆగవు. బీజీఎంఐలో ఎరాంగెల్ అనే పెద్ద మ్యాప్‌లో మ్యాచ్ దాదాపు అరగంట. మధ్యలో వదిలితే జట్టు నష్టపోతుంది, తిట్టుకుంటారు. టీమ్ డెత్‌మ్యాచ్ (రెండు జట్ల చిన్న పోటీ) అయితే 10 నిమిషాల్లో తేలిపోతుంది. మైన్‌క్రాఫ్ట్ ఎప్పుడంటే అప్పుడు ఆపొచ్చు. కాబట్టి గడియారం కన్నా "ఇంకో మ్యాచ్, అంతే" అని ముందే చెప్పండి. అలా చెప్పినా నాలుగైదు రోజులు వరసగా గొడవ అయితే, రేటింగ్ 3 ఉన్నా ఆ గేమ్ వాడికి ఇంకా కుదరదు.

చట్టం అడ్డుకుంటుందిలే అనుకోవద్దు. బ్రిటన్‌లో 12, 16, 18 ముద్రలున్న గేమ్‌ని ఆ వయసు లోపువాళ్లకి అమ్మితే షాపువాడిది నేరం, జర్మనీలోనూ అంతే. అమెరికాలో అలాంటి కాలిఫోర్నియా చట్టాన్ని 2011లో సుప్రీంకోర్టు కొట్టేసింది, షాపులే స్వచ్ఛందంగా పాటిస్తాయి. మన దగ్గర సినిమాలకి సెన్సార్ బోర్డు ఉన్నట్టు గేమ్‌లకి లేదు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆటల్ని, 18+ గేమ్ పిల్లల చేతికి రావడాన్ని కాదు.

మీరు రాసినదాన్ని బట్టి పీఎస్5 హాల్లో టీవీకి ఉంది, ఇంట్లో ఏడేళ్ల చెల్లెలు కూడా ఉంది. అప్పుడు అబ్బాయి మెచ్యూరిటీ ఒక్కటే లెక్క కాదు, పక్కన సోఫాలో కూర్చుని చూసే పాప వయసు కూడా లెక్కే. ఆడే పిల్లాడి చేతిలో కంట్రోలర్ ఉంటుంది, భయమేస్తే ఆపగలడు. చూసే పిల్లకి ఆ వీలూ ఉండదు. పాప పడుకున్నాకే ఆడేవి, పాప ముందు ఆడేవి అని రెండు జాబితాలు రాసి టీవీ పక్కన అంటించండి. పాప ముందు ఆడే జాబితాలో మాత్రం డబ్బా మీది అంకెనే పట్టుకోండి, సడలించొద్దు.